పిల్లాడు కదలకూడదు, ఇల్లు కనపడకూడదు

పిల్లలున్న ఇంట్లో ఫోటోలకి మొదటి అడ్డంకి పిల్లలే. పిలిస్తే చూడరు, చూస్తే నవ్వరు, నవ్వితే పళ్ల మధ్య ఇరుక్కున్న పాలకూర పప్పు కనపడుతుంది. రెండో అడ్డంకి ఇల్లు. ఫోన్ ఎటు తిప్పినా దండెం మీద ఆరేసిన గుడ్డలో, మంచం కింద నుంచి తొంగిచూసే చేటో, గోడ మీద క్రేయాన్ గీతలో ఫ్రేములోకి వచ్చి కూర్చుంటాయి. ఈ రెండింటినీ జయించినవాళ్లవే మంచి ఫోటోలని మన బంధువర్గంలో పేరు. ఆ పేరు తెచ్చుకోవాలనుకునే కొత్త తల్లిదండ్రుల కోసం ఈ సలహాలు. నన్నెవరూ అడగలేదు. అయినా పిల్లల విషయంలో అడిగాకే సలహా చెప్పే ఆచారం మనలో ఎప్పుడుంది గనక!

ముందు ఇంటి సంగతి చూద్దాం. పిల్లాడు వంటింట్లో గిన్నెలన్నీ కిందికి లాగి, పప్పుగుత్తితో కుక్కరు మూత మీద వాయిస్తున్నాడనుకోండి. తొందరపడి ఫోన్ తీయకండి. గిన్నెలు గట్టు మీద పెట్టండి. గుత్తి లాక్కోండి. మూతి తుడిచి, చొక్కా మార్చి, జుట్టు తడిపి పక్కపాపిడి తీయండి. ఇప్పుడు వాడు ఏడుస్తాడు. ఏడుపు తగ్గేదాకా ఆగి, హాల్లో తెల్లగోడ ముందు నిలబెట్టి, అప్పుడు తీయండి. ఆ ఫోటో చూసినవాళ్లెవరూ మీ వంటింట్లో ఆ పొద్దున ఏం జరిగిందో ఊహించలేరు. మనకి కావలసిందీ అదే.

ఈ జాగ్రత్త తెలియక పాతకాలం వాళ్లు ఎంత నష్టపోయారో చూడాలంటే 1990ల నాటి ఆల్బమ్ ఒకటి అటక మీంచి దించండి. రీలుకు 36 ఫోటోలు. రీలు కడిగించడానికో ఖర్చు, ప్రింట్లు వేయించడానికి ఇంకో ఖర్చు. అంత పెట్టి కూడా పిల్లాడి వెనక ఏముందో చూసుకోలేదు. కుచ్చుల గుడ్డ కప్పిన టీవీ, దాని మీద ప్లాస్టిక్ పూలకుండీ, గోడకి వేంకట్రామా క్యాలెండరు, గుమ్మం దగ్గర వైరు కుర్చీలో మోకాళ్ల దాకా మాత్రమే పడిన తాతయ్య. ఇవాళ ఆ ఫోటో బయటికి తీస్తే ఇంట్లో ఒక్కరూ పిల్లాడి మొహం చూడరు. ‘అదుగో ఆ టీవీ! ఆదివారం పొద్దున రామాయణం వస్తుంటే వీధి వీధంతా మనింట్లోనే’ అంటుంది ఒకావిడ. ‘ఆ కుర్చీ అల్లింది నాన్నే, నీలం వైరు దొరక్క మధ్యలో ఎర్రది వేశాడు’ అంటాడు ఇంకొకాయన. గంటసేపు అవే కబుర్లు. కాఫీలు చల్లారిపోతాయి. తెల్లగోడ ముందు తీసిన ఫోటోతో ఈ బెడద లేదు. చూశాం, బాగుంది, తర్వాతది చూపించు. అంతే.

ఇక పిల్లాడి సంగతి. ‘కదలకు’ అనే మాట మనకి పంతొమ్మిదో శతాబ్దం నుంచి వచ్చిన ఆస్తి. అప్పట్లో గాజుపలక మీద బొమ్మ పడడానికి సెకన్లు పట్టేది. అంతసేపూ బిగదీసుకుని కూర్చుంటేనే మొహం మొహంలా వచ్చేది. ఇప్పుడు మామూలు ఫోన్ కూడా పగటి వెలుతురులో సెకనులో వెయ్యోవంతులో పని కానిచ్చేస్తుంది. పరుగెత్తే పిల్లాడి చెప్పు ఊడి గాల్లో ఉండగానే పట్టేస్తుంది. అయినా పిత్రార్జితం వదులుకోకూడదు కదా! ‘కదలకు’ అనండి, గట్టిగా అనండి. దాని వెంటనే ‘నవ్వు’ అనండి. ఈ రెండూ కలిపి చెప్తే మూడేళ్ల పిల్లాడి మొహంలో ఒక నవ్వు వస్తుంది: పెదాలు రెండు పక్కలకీ సాగి, కళ్లు మాత్రం అమ్మ మొహంలో కోపం వచ్చిందేమోనని వెతుకుతూ ఉంటాయి. ఆ నవ్వే ప్రొఫైల్ ఫోటోకి పనికొస్తుంది.

ఆనాటి స్టూడియోలకి ఇంకో ఉపాయం కూడా తెలుసు. చంటిబిడ్డ కుదురుగా ఉండాలంటే తల్లి పట్టుకోవాలి. ఫోటోలో మాత్రం బిడ్డే ఉండాలి. అందుకని ఇంగ్లండులో, అమెరికాలో తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి తల మీంచి దుప్పటి కప్పేసేవారు. ఆ ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. పూల దుప్పటి కప్పిన ఒక ఆకారం, దాని ఒళ్లో తెల్ల గౌనులో బిడ్డ, దుప్పటి అంచు కింద నుంచి వచ్చి బిడ్డ నడుం పట్టుకున్న వేళ్లు. మనకి ఆ దుప్పటి ఖర్చు కూడా లేదు. తల్లి చేతికి ఫోన్ ఇస్తే చాలు, తనంతట తనే మాయమైపోతుంది.

మన వైపు చరిత్ర కాస్త దారి తప్పింది, అది వేరే సంగతి. ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసమే హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. మగవాడి కంట పడకుండా ఉండాలని ఒక ఇంగ్లీషు ఆవిడని ఫోటోగ్రాఫరుగా పెట్టాడు. అంటే, పరదా దాటని ఇల్లాళ్లు కూడా ఫోటోలో పడ్డారన్నమాట. ఇవాళ ఏ పరదా లేని తల్లి ఫోన్ తెరిచి చూడండి. పిల్లాడి ఫోటోలు వేలకొద్దీ. ఆమె మాత్రం ఎక్కడో అల్మరా అద్దంలో సగం మొహంగానో, సాయంత్రం ఎండలో పిల్లాడి మీద పడిన నీడగానో ఉంటుంది. ఈ పద్ధతి నిలబెట్టండి. ఎప్పుడైనా భర్త ‘నువ్వు వాడి పక్కన కూచో, నేను తీస్తా’ అన్నాడా, జవాబు సిద్ధంగానే ఉంది: ‘ఈ అవతారంలోనా? నైటీలో ఉన్నానండీ. జుట్టు చూడండి ఎలా ఉందో.’ ఆయన రెండోసారి అడగకూడదు. పిల్లాడు పెద్దయ్యాక ‘నా చిన్నప్పుడు అమ్మ ఎలా ఉండేది?’ అని అడిగితే పెళ్లి ఆల్బమ్ ఇవ్వండి. అందులో పట్టుచీర, మేకప్, అన్నీ పద్ధతిగా ఉంటాయి.

పసిపిల్లల స్నానం దగ్గర మరీ జాగ్రత్త. అక్కడ అన్నీ అడ్డమే. నానమ్మ పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి దోపి, రెండు కాళ్లూ చాపి, ఆ కాళ్ల మీద పిల్లని బోర్లా వేసుకుంటుంది. సున్నిపిండి నలుగు. ఇత్తడి గంగాళంలో ఆవిరి. ఒక చేత్తో చెంబుతో నీళ్లు పోస్తూ, రెండో చెయ్యి పిల్ల నుదుటికి అడ్డం పెడుతుంది, కళ్లలోకి నీళ్లు జారకుండా. వెల్లకిలా తిప్పి ముక్కు తీరుస్తుంది, తల గుండ్రంగా రావాలని అరచేత్తో ఒత్తుతుంది. మీ ఫోన్‌లోంచి చూస్తే పిల్ల ఎక్కడుంది? అంతా నానమ్మ చేతులే, ముడతలు, ఆ గాజులూ.

‘అత్తయ్యా, చెయ్యి కాస్త పక్కకి తియ్యండి, ఫోటోకి అడ్డొస్తోంది.’

‘తీస్తే జారిపోతుందే పిల్ల.’

‘ఒక్క సెకను, అత్తయ్యా.’

‘జారడానికి సెకను చాల్లే.’

ఇలాంటివాళ్లతో వాదన పెట్టుకోకండి. ఇప్పుడు వచ్చే ఫోన్లలో అక్కర్లేనివాటిని వేలితో చుట్టి చెరిపేసే సదుపాయం ఉంది. నానమ్మని చుట్టి చెరిపేయండి. పిల్ల నీళ్ల మధ్య గాల్లో తేలుతూ కనపడుతుంది, ఎవరూ పెంచకుండా తనే పెరిగినట్టు. స్నానమయ్యాక సాంబ్రాణి పొగ వేస్తారు. అందులో తీస్తే మసకగా వస్తుంది, వద్దు.

ఏ రోజు తీయాలి అన్నది చాలామందికి సందేహం. దానికి పంచాంగం ఉంది. బారసాల, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, బాసరలో అక్షరాభ్యాసం, పుట్టినరోజులు. ఈ మధ్య వాటికి తోడు నెలకో షూటు వచ్చింది: ఉన్ని టోపీ, వెదురుబుట్ట, పక్కన నెల అంకె. కృష్ణాష్టమికి నెమలి ఈక తప్పనిసరి. ఈ రోజుల మధ్య మిగిలిన రోజుల్ని మామూలు రోజులంటారు. అవి ఫోటోకి పనికిరావు. మంగళవారం సాయంత్రం హోంవర్కు పుస్తకం మీద చెంప ఆనించి నిద్రపోయిన పిల్లని ఎవరు చూస్తారు? స్కూలు నుంచి వచ్చి ఒక కాలికి సాక్సు విప్పి, రెండోది విప్పడం మరిచిపోయి బొమ్మల సినిమా చూస్తున్న పిల్లాడిని ఎవరికి పంపుతాం? ఏడాదికి ఇలాంటి రోజులు మూడొందల యాభైకి పైగా వస్తాయి. ఒక్కటి కూడా తీయకపోతే ఎంత పని తగ్గుతుందో ఆలోచించండి.

పండగ రోజున కూడా సమయం చూసుకోవాలి. భోగిపళ్ల పేరంటం తీసుకోండి. రేగుపళ్లు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు కలిపి దోసిళ్లతో పిల్లాడి తల మీద పోస్తారు. మొదటి రేగుపండు నెత్తి మీద టక్కున తగలగానే వాడి మొహంలో ఇది ముద్దా, దెబ్బా తేలని అయోమయం ఒకటి వస్తుంది. ఆ తర్వాత ఒళ్లో పడ్డ పండు తీసి నోట్లో పెట్టుకుంటాడు. చుట్టూ ఉన్న పిల్లలు చిల్లర కోసం కుర్చీ కిందికి దూరతారు. ఇదంతా గందరగోళం. పోయకముందే తీసేయండి, కిరీటం తిన్నగా ఉండగా.

వెనక నుంచి మాత్రం తీయకండి. వెనక నుంచి తీయదగ్గ ఫోటో మనకి ఒక్కటే, పూలజడ. మల్లెమొగ్గలు కుట్టిన జడ మొహంతో పాటు కనపడాలని ఆడపిల్లని స్టూడియోలో అద్దం ముందు నిలబెట్టి తీయించేవాళ్లు. మొహం కెమెరా వైపు, జడ అద్దంలో. అది జడకి ఇచ్చిన గౌరవం, పిల్లకి కాదు. జడా అద్దమూ లేకుండా ఉత్త వీపు తీసిన పెద్దమనిషి కూడా ఒకాయన ఉన్నాడు, అమెరికా ఫోటోగ్రాఫర్ యూజీన్ స్మిత్. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకినావా దగ్గర తీవ్రంగా గాయపడి, చాలాకాలం కెమెరా పట్టలేక, 1946లో మళ్లీ పట్టినప్పుడు తన ఇద్దరు పిల్లలు చెట్ల చీకట్లోంచి వెలుతురులోకి నడిచిపోతుంటే వెనక నుంచి తీశాడు. మొహాలు లేవు. 1955లో న్యూయార్క్‌లో 68 దేశాల నుంచి 503 ఫోటోలు ఏరి పెట్టిన ‘ది ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్’ ప్రదర్శనలో దాన్నే ఆఖరి ఫోటోగా పెట్టారు. మన ఇళ్లలో అయితే పెద్దమ్మ చూసి ‘మొహం ఏదే?’ అనేది. పెద్దమ్మ మాటే వినండి.

దగ్గరికి వెళ్లి చిన్నచిన్నవి తీయడం కూడా మానుకోండి. కుడిఎడమలు మార్చి తొడుక్కున్న చెప్పులు, ఆవకాయ కలిపిన అన్నంతో ఎర్రబడ్డ అరచెయ్యి, ఊడిన పన్ను పట్టుకున్న రెండు వేళ్లు, ఇవి ఫోటోలేమిటి? ఇది నా మాటే కాదు, శాస్త్రం కూడా కొంత సాయం వస్తుంది. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ పరిశోధకురాలు విద్యార్థుల్ని మ్యూజియంలో తిప్పి చూసి, 2014లో ప్రచురించింది: వస్తువుని మొత్తంగా ఫోటో తీసినవాళ్లకి దాని సంగతులు తక్కువ గుర్తున్నాయి. జూమ్ చేసి ఒక భాగాన్ని తీసినవాళ్లకి మాత్రం ఆ మరుపు రాలేదు. చూశారా! మరిచిపోవడానికే ఫోటో తీస్తున్నాం గనక ఎప్పుడూ మొత్తం మనిషినే, నిలువునా, దూరం నుంచి తీయాలి. తీసేటప్పుడు మీరు నిలబడే ఉండండి. మోకాళ్ల మీద కూర్చుంటే వాడి కళ్లు మీ కళ్లకి సూటిగా వస్తాయి, ప్యాంటు కూడా మాస్తుంది. కిటికీ వెలుతురు ఉన్నా ఫ్లాష్ వేయండి.

తీశాక పంపాలి. పిల్లల ఫోటోలు ఊరంతా పంచుతున్నామని కొందరు సణుగుతుంటారు. చరిత్ర మన వైపే ఉంది. కంప్యూటరులోకి ఎక్కించిన మొట్టమొదటి ఫోటోల్లో ఒకటి చంటిపిల్లాడిదే. 1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ తన మూడు నెలల కొడుకు బొమ్మని 176 చుక్కల పొడవు, 176 చుక్కల వెడల్పుతో స్కాన్ చేశాడు. 1997 జూన్ 11న కాలిఫోర్నియాలో ఫిలిప్ కాన్, ఆసుపత్రిలోనే డిజిటల్ కెమెరాని సెల్‌ఫోన్‌కి తగిలించి, అప్పుడే పుట్టిన కూతురి ఫోటోని రెండు వేలమందికి పైగా పంపాడు. పాపం, ఆయన పంపింది ఒక్కటే. మనం ఒకే నవ్వుని నలభైసార్లు తీసి, ఏది బాగుందో తేల్చుకోలేక నలభయ్యీ ఫ్యామిలీ గ్రూపులో పెడుతున్నాం. ఏరడం మన పని కాదు, బావగారి పని.

స్కూలు బ్యాడ్జి స్పష్టంగా కనపడేలా, ఏ స్టాపులో బస్సెక్కుతాడో తెలిసేలా బయటివాళ్లకి కూడా పెట్టండి. స్నానం ఫోటోలూ పెట్టండి, పసిపిల్లాడే కదా. పదిహేనేళ్లు వచ్చాక వాడి క్లాసువాళ్లు వెతికి తీస్తారు, అప్పటి సంగతి అప్పుడు. చట్టమా? 2023లో మన దేశంలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల వివరాలు వాడుకునే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటుంది. సొంత పనికి, ఇంటి పనికి వాడుకునే మనిషికి ఆ చట్టం పట్టదు. అంటే మిమ్మల్ని కంపెనీ అడగాలి, మీరు పిల్లాడిని అడగక్కర్లేదు. ఫ్రాన్సువాళ్లు మాత్రం 2024లో, పిల్లల ఫోటోల మీద హక్కు పిల్లలదేనని, వయసుని బట్టి వాళ్లని కూడా అడగాలని చట్టం చేసుకున్నారు. నాలుగేళ్ల వాడిని ‘ఇది అత్తకి పంపనా?’ అని అడిగి చూడండి, ‘వద్దు’ అనగలడు. అందుకే అడగొద్దంటున్నాను.

ఫోన్ పొరపాటున కూడా పిల్లాడి చేతికి ఇవ్వకండి, ఫోటోలు తీయడానికైతే. వీడియోలు చూడడానికి ఇవ్వచ్చు, అన్నం తినాలిగా. కెమెరా దొరికితే వాడు తీసేది తిరిగే ఫ్యాను, కుక్క ముక్కు, కింద నుంచి చూస్తే కొండంత ఉన్న తాతయ్య గడ్డం, వంగి వాడి వైపే నవ్వుతున్న అమ్మ. ఆ నవ్వు మీకు తెల్లగోడ ముందు దొరికేది కాదు. ఫ్రాన్సులో జాక్ ఆన్రీ లార్టీగ్ అనే పిల్లాడికి ఏడెనిమిదేళ్ల వయసులో తండ్రి కెమెరా కొనిచ్చాడు. వాడు ఇంట్లోవాళ్లు గెంతడం, దూకడం, బొమ్మ కార్లలోంచి దొర్లిపడడం అన్నీ తీసి పెట్టుకున్నాడు. 1963లో, ఆయనకి అరవై తొమ్మిదో ఏట, న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం వాటిని గోడకెక్కించింది. మీకంత ఓపిక ఉందా? లేదు. కాబట్టి వాడు తీసినవి వెంటనే తొలగించండి.

తొలగించడం అనే విద్య వేరుగా నేర్చుకోవాలి. గూగుల్ ఫోటోస్‌లో ఎన్నయినా ఉచితంగా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో పోయాయి. ఇప్పుడు అన్నీ కలిపి 15 జీబీ. ఫోన్ నిండిందన్న హెచ్చరిక రాగానే ముందు మసకవి పీకేయండి, తర్వాత మొహం తిప్పుకున్నవి, ఏడుస్తున్నవి, ఇల్లు చిందరవందరగా ఉన్నవి, మీరు నైటీలో ఉన్నవి. గుడ్ మార్నింగ్ గులాబీలు ఉండనివ్వండి, అవి పెద్దవాళ్లు పంపినవి. ప్రింట్లు వేయించొద్దు. వేయించినా వెనక పెన్సిలుతో తేదీ, ఊరు, పక్కనున్నవాళ్ల పేర్లు రాయొద్దు. ముప్పై ఏళ్ల తర్వాత ‘ఈ పక్కనున్నది ఎవరు?’ అని ఇంటిల్లిపాదీ కలిసి పోట్లాడుకోవడానికి ఏదో ఒకటి మిగలాలి కదా.

చివరిగా ఒక జాగ్రత్త. తొలగించిన ఫోటోలు వెంటనే పోవు. చాలా ఫోన్లలో 30 రోజుల దాకా చెత్తబుట్టలోనే ఉంటాయి, ఒక్క నొక్కుతో వెనక్కి వస్తాయి. ఆ నెల తిరిగేదాకా అటు వెళ్లకండి. ముఖ్యంగా పిల్లలు పడుకున్నాక, ఒంటరిగా అస్సలు తెరవకండి.